రెండు వరసల లెక్క

ఎవర్ట్ గోర్టర్ నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పిల్లల వైద్యశాస్త్ర ప్రొఫెసర్. కణపు పొర నిర్మాణాన్ని లెక్క కట్టింది ఆయనంటే నాకెప్పుడూ ముచ్చటే. 1925లో సహచరుడు గ్రెండెల్‌తో కలిసి ఎర్రరక్తకణాల కొవ్వును ఎసిటోన్‌తో తీసి, నీటి తొట్టిలో ఒక్క అణువు మందాన పరిచారు. అది పరుచుకున్న మేర కణాల ఉపరితలానికి రెట్టింపు తేలింది. అంటే పొరలో కొవ్వు రెండు వరసలన్నమాట!

అసలు పనితనం ఎర్రకణాన్ని ఎంచుకోవడంలో ఉంది. క్షీరదాల ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, లోపలి పొరలూ ఉండవు. చిక్కిన కొవ్వంతా పైపొరదే.

తర్వాతివారు తప్పులు పట్టారు. ఎసిటోన్ కొవ్వునంతా లాగలేదు, ఎండిన కణాల వైశాల్యమూ తక్కువగా లెక్కకొచ్చింది. ఒక తప్పుకు ఇంకో తప్పు చెల్లు! అదృష్టమంటారు కొందరు. కావచ్చు, కానీ పొరలో కొవ్వు ఎన్ని వరసలన్న ప్రశ్న వేయడం మాత్రం అదృష్టం కాదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ పొర స్పష్టంగా కంటికి ఆనింది 1950ల్లోనే మరి.