ఐదు సెకన్లు ఎక్కడ పోయాయి?

2015 అక్టోబరు. హవాయి దీవుల్లోని కైలువా-కోనా ఊళ్లో అర్ధరాత్రి కావస్తోంది. సముద్రం పక్కనే సాగే అలీ డ్రైవ్ మీద జనం ఇళ్లకు పోకుండా రోడ్డుకు రెండు వైపులా నిలబడి, బారికేడ్లను అరచేతులతో బాదుతున్నారు. వాళ్ల మధ్య నుంచి ఒక బక్కపలచని జపాన్ పెద్దాయన తూలుకుంటూ వస్తున్నాడు. పేరు హిరోము ఇనాడా. వయసు 82. పొద్దున్నే సముద్రంలో దిగి 3.8 కిలోమీటర్లు ఈదాడు. ఒడ్డుకొచ్చి 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కాడు. ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్ అందుకుని చివరి అడుగుల దాకా వచ్చాడు. గీత కళ్లెదుటే ఉంది. అక్కడ పడ్డాడు. లేచాడు. గీత దాటాడు. అప్పటికే గడువు మీద ఐదు సెకన్లయింది.

ఐదు సెకన్లే కదా, పోనిద్దూ అనే మాట ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌లో చెల్లదు. గడువు దాటి వచ్చినవాడు ఎంత దగ్గరగా వచ్చినా ముగించనట్టే లెక్క. ఈ ఆటవాళ్లు దాన్ని డీఎన్‌ఎఫ్ అంటారు. ‘పూర్తి చేయలేదు’ అనే ఇంగ్లిషు మాటలకు పొడి అక్షరాలవి. నెలల తరబడి తెల్లవారుజామునే లేచి చేసిన సాధనంతా ఆ మూడక్షరాల కిందికి పోతుంది.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు మన పెద్దలు. ఐరన్‌మ్యాన్‌లో ఓడినవాళ్లు తిరిగి లేచే పద్ధతంతా ఈ మాటలోనే ఉంది. చిక్కల్లా ఒకటే. ఈ పందెంలో మనిషి పడే చోటు ఒకటి, పోగొట్టుకునే చోటు మరొకటి. ఇనాడా పడింది గీత ముందు. కానీ 42 కిలోమీటర్ల పరుగుకు ఐదు సెకన్లను పంచితే కిలోమీటరుకు సెకనులో ఎనిమిదో వంతు కూడా రాదు. రెప్పపాటు. అలాంటి రెప్పపాట్లు పొద్దుటి నుంచి దారి పొడుగునా రాలుతూనే ఉంటాయి: నీళ్ల కప్పు అందుకునే చోట, షూ లేసు కట్టుకునే చోట, అలల్లో దారి తప్పి ఎక్కువ ఈదిన నాలుగు బారల దగ్గర.

మొదటి రోజే ముగ్గురు

ఈ పందెం పుట్టుకలోనే ఓటమి ఉంది. 1977లో హవాయిలోని ఓహూ దీవిలో ఒక రిలే పరుగు బహుమతుల సభ జరుగుతుండగా, ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగువాళ్లా అని వాదన లేచింది. అక్కడున్న అమెరికా నేవీ అధికారి జాన్ కాలిన్స్ సైకిల్‌వాళ్లను కూడా వాదనలోకి లాగి ఓ తీర్పు చెప్పాడు. వైకీకీ సముద్రపు ఈత, దీవి చుట్టూ సైకిల్ పందెం, హొనలులు మారథాన్ - ఈ మూడూ ఒకే రోజు పెడదాం, ముందొచ్చినవాణ్ని ఐరన్‌మ్యాన్ అందాం అన్నాడు. ఆయన భార్య జూడీకీ ఈ ఆలోచనలో సమాన పాత్ర ఉంది. 1978 ఫిబ్రవరి 18న 15 మంది దిగారు, 12 మంది ముగించారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. పరుగులో ముందున్న జాన్ డన్‌బార్‌కు దారిలో నీళ్లు అయిపోతే వెంట ఉన్న స్నేహితులు బీరు అందించారు. ఆయన రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ముగించలేనివాళ్లు ఉంటారనీ, గొంతులోకి ఏం పోయిందన్నది ఫలితాన్ని మార్చేస్తుందనీ మొదటి రోజే తేలిపోయింది.

గడువులు ఒక్కో పందెంలో కాస్త అటూ ఇటూగా ఉన్నా, సాధారణ లెక్క ఇది: ఈతకు 2 గంటల 20 నిమిషాలు, సైకిల్ దిగేసరికి మొదటి నుంచి 10 గంటల 30 నిమిషాలు, మొత్తం 17 గంటలు. విడదీస్తే ఇవేమీ భయపెట్టే అంకెలు కావు. ఈతలో 100 మీటర్లకు 3 నిమిషాల 40 సెకన్లు దొరుకుతాయి. ఈతకు మొత్తం గడువు వాడేసుకున్నవాళ్లు కూడా, బట్టలు మార్చుకోవడానికి పది నిమిషాలు తీసేస్తే, గంటకు 22.5 కిలోమీటర్లు తొక్కితే చాలు. పరుగులో కిలోమీటరుకు 9 నిమిషాలు, అంటే చురుగ్గా నడిచినంత. అయితే ఆ నడక పదిన్నర గంటల శ్రమ తర్వాత మొదలవుతుంది. ఈ ఆటలో కష్టమంతా అక్కడే ఉంది.

2019లో గోవాలో మొదలైన 70.3 పందెం దీనిలో సగం. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు, మొత్తం గడువు ఎనిమిదిన్నర గంటలు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు ఇంటికి దగ్గరి గుమ్మం ఇదే. దూరం సగమే అయినా అక్కడి తేమ, ఎండ మనిషిని సగం చేసి వదలవు.

చిట్టాను వెనక నుంచి చదవాలి

డీఎన్‌ఎఫ్ అయిన రాత్రే కసికొద్దీ తర్వాతి పందేనికి ఫీజు కట్టేయాలనిపిస్తుంది. ఆగాలి. కండరాలు కోలుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, మనసుకు ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఆ వారాల్లో తేలికపాటి ఈత, నడక, కంటినిండా నిద్ర చాలు. ఎండదెబ్బ తగిలో, సొమ్మసిల్లో ఆగిపోయినవాళ్లయితే డాక్టరు సరేననే దాకా షూ ముట్టుకోకూడదు.

జ్ఞాపకం మసకబారక ముందే, మొదటి వారంలోనే, ఒక కాగితం మీద చిట్టా రాసుకోవాలి. ‘మనసు విరిగింది’, ‘అదృష్టం లేదు’ లాంటి మాటలకు అందులో చోటు లేదు. ఏ గంటలో ఎంత వేగం, గుండె ఎంత కొట్టుకుంది, ఏం తిన్నాం, ఎన్ని సీసాలు తాగాం, గాలి ఎటు వీచింది - ఇవే ఉండాలి. సగం చేతి గడియారమే చెబుతుంది, మిగతాది గుర్తు తెచ్చుకోవాలి. రాశాక చివరి నుంచి మొదటికి చదవాలి.

ఓ మచ్చు చిట్టా చూద్దాం. పరుగులో 25వ కిలోమీటరు దగ్గర వాంతి చేసుకుని కూలబడ్డ మనిషిది. వెనక్కి వెళ్తే, 10వ కిలోమీటరు దగ్గర తినాల్సిన ఎనర్జీ జెల్ చూస్తేనే కడుపులో తిప్పింది. ఇంకా వెనక్కి వెళ్తే, సైకిల్ మీద 120వ కిలోమీటరు దగ్గర సీసా సగం కూడా ఖాళీ కాలేదు. ఇంకా వెనక్కి, 40వ కిలోమీటరు దగ్గర వెనకగాలి తోసింది, గంటకు 30 కిలోమీటర్లని అనుకున్నవాడు 34లో పోయాడు. ముఖం మీద నవ్వు, ఎదురైనవాళ్లకు చెయ్యి ఊపడం. ఆయన ఓడింది ఆ నవ్వు దగ్గర. ఇలా చదవని మనిషి వచ్చే ఏడాది పరుగు సాధన రెట్టింపు చేసుకుని, మళ్లీ అదే 40వ కిలోమీటరు దగ్గర అదే నవ్వు నవ్వుతాడు.

కడుపుకూ సాధన కావాలి

ఇలాంటి చిట్టాలు చాలాసార్లు తేల్చేది కడుపు సంగతే. ఒంట్లో కండరాలు, కాలేయం కలిసి దాచుకునే పిండిపదార్థం సుమారు 2,000 కేలరీలు. పందెం మొత్తానికి ఖర్చయ్యేది దీనికి ఎన్నో రెట్లు. కొంత కొవ్వు నుంచి వస్తుంది, మిగతాది దారిలో తినాల్సిందే. పేగులు గంటకు దాదాపు 60 గ్రాముల గ్లూకోజును పీల్చుకోగలవు. ఫ్రక్టోజు కలిపితే 90 దాకా వెళ్లొచ్చు. 60 గ్రాములంటే గంటకు రెండు మూడు అరటిపళ్లు, అదీ గంటల తరబడి. ఇంట్లో కూర్చుని ప్రయత్నించినా కష్టమే. పైగా ఎండలో రక్తం ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు, పని చేయించడానికి కండరాల వైపు పరుగెడుతుంది. కడుపుకు మిగిలేది కొంచెమే. అప్పుడు తిన్నది అరగక నిలిచిపోతుంది.

మంచి కబురేమిటంటే పేగులకూ నేర్పవచ్చు. వారాంతపు లాంగ్ రైడ్‌లో గంటకు 40 గ్రాములతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే కడుపు అలవాటు పడుతుంది. జెల్ పడనివాళ్లు ఉడకబెట్టి ఉప్పద్దిన బంగాళాదుంప ముక్కలో, ఖర్జూరాలో జేబులో వేసుకుంటారు. పందెం రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టకూడదన్నది ఈ ఆటలో ప్రతి గురువూ చెప్పే మొదటి సూత్రం.

నీళ్ల లెక్కకు ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. గంట పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగింది దానికి కలుపుకోవాలి. మే నెల విజయవాడలో వచ్చే అంకె వేరు, డిసెంబరు హైదరాబాద్‌లో వచ్చే అంకె వేరు. అలాగని ఉప్పు లేకుండా వట్టి నీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అది దాహం కంటే ప్రమాదం. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి, పందేనికి ముందు రెండు వారాలు ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద గడిపినవాడు ఆ లాభాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

జింబాబ్వేకు చెందిన పాలా న్యూబీ-ఫ్రేజర్ కథ నీళ్ల విలువకు సాక్ష్యం. 1995 నాటికి ఆమె కోనాలో ఏడుసార్లు విజేత. ఆ ఏడాదీ ముందే ఉంది. వెనక నుంచి కారెన్ స్మయర్స్ దగ్గరపడుతోందని తెలిసి, ఆగితే ఆలస్యమవుతుందని చివరి నీళ్ల బల్లలను ఆగకుండా దాటేసింది. గీత కొన్ని వందల మీటర్ల దూరంలో ఉండగా కాళ్లు తడబడి రోడ్డు మీద కూలబడింది. చాలాసేపటికి లేచి, నడుచుకుంటూ నాలుగో స్థానంలో ముగించింది. కొన్ని సెకన్లు మిగుల్చుకోబోయి పందేన్నే పోగొట్టుకుంది. మరుసటి ఏడాది, 1996లో, తిరిగొచ్చి ఎనిమిదోసారి గెలిచింది.

గోడ లేని నీళ్లు, తొడుగులు లేని చేతులు

ఈతలో ఓడేవాళ్ల కథ వేరు. గచ్చిబౌలి ఈత కొలనులో 50 మీటర్లకో గోడ ఉంటుంది, అడుగున నల్ల గీత దారి చూపిస్తుంది. సముద్రంలో రెండూ ఉండవు. ఆరేడు బారలకోసారి కళ్లు పైకెత్తి, దారి గుర్తుగా నీళ్లపై తేలే బోయాను చూసుకోవాలి, దీన్ని సైటింగ్ అంటారు. ఇది రానివాళ్లు 3.8 కిలోమీటర్ల పందెంలో నాలుగు దాటి ఈదుతారు. చెరువులోనో సముద్రంలోనో తోడు ఈతగాళ్లతో, లైఫ్‌గార్డు ఉన్న చోట నేర్చుకోవాల్సిన విద్య ఇది.

సైకిల్ సంగతి ఇంకా తేలిక, ఇంకా నిర్లక్ష్యం చేసేదీ అదే. పంక్చరైన ట్యూబు మార్చడం రాక పందెం పోగొట్టుకోవడం కన్నా సిగ్గుచేటు లేదు. నెలకోసారైనా గ్రీజు అంటిన చేతులతో, గడియారం పెట్టుకుని ట్యూబు మార్చి చూసుకోవాలి. సైకిల్ దిగిన వెంటనే అరగంట పరుగెత్తే సాధనను బ్రిక్ అంటారు. దిగిన కాళ్లు మొదటి కిలోమీటరులో మనవి కానట్టుంటాయి. ఆ వింత ఇంటి దగ్గరే తెలిసిపోవాలి.

ఏడో ప్రయత్నం

ఓటమిని చదువుకోవడంలో మార్క్ అలెన్‌ను మించినవాళ్లు ఈ ఆటలో అరుదు. 1982లో తొలిసారి కోనాకు వచ్చినప్పుడు సైకిల్ గేర్లు మార్చే డిరైలర్ విరిగి పందెం వదిలేశాడు. 1987లో పరుగులో బాగా ముందుండి, చివర్లో కుప్పకూలి రెండో స్థానంలో వచ్చి, ఆ రాత్రి లోపలి రక్తస్రావంతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆరుసార్లు ప్రయత్నించినా గెలుపు దక్కలేదు. గురువు ఫిల్ మాఫెటోన్ మాట విని, గుండె వేగం ఒక హద్దు దాటకుండా నెమ్మదిగా పరుగెత్తడం అలవాటు చేసుకున్నాడు. మొదట్లో ఆ వేగం చూసి తనకే చిరాకు వేసేది. ఏళ్ల తరబడి ఆ నెమ్మదే పునాదిగా మారింది. 1989లో ప్రత్యర్థి డేవ్ స్కాట్‌తో భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తి 58 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆపైన మరో ఐదుసార్లు గెలిచాడు.

మనలాంటివాళ్లకు ఇందులో పనికొచ్చేది క్రమం. మొదట విశ్రాంతి, తర్వాత చిట్టా, ఆ తర్వాత చిట్టాలో తేలిన ఒకే ఒక్క లోపం మీద పని. దాని తర్వాత ఒక చిన్న పందెం, అసలు పందేనికి రిహార్సల్‌గా: అదే బూట్లు, అదే తిండి, అదే ఎండ వేళ. అప్పుడే పెద్ద పందేనికి పేరు. నాలుగు లోపాలనూ ఒకేసారి సరిదిద్దబోయేవాళ్లు తరచూ మోకాలి నొప్పితో ఇంట్లో కూర్చుంటారు.

ఒక్క మాట మరచిపోకూడదు. ఆగాల్సిన చోట ఆగడమూ విద్యే. మాట తడబడుతున్నా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతున్నా, ఛాతీలో పట్టేసినా చెయ్యెత్తి సాయం అడగాలి. అలాంటి డీఎన్‌ఎఫ్ ఓటమి కింద రాదు. వాలంటీరు దుప్పటి కప్పి ఆంబులెన్సు ఎక్కించిన మనిషే వచ్చే ఏడాది మళ్లీ గుమ్మం ముందు నిలబడగలడు.

గడువు కచ్చితంగా ఉండటం క్రూరంగా కనిపిస్తుంది. కానీ దానివల్లే చివరి గంటకు విలువ వచ్చింది. కోనాలో పగలు గెలిచినవాళ్లు స్నానం చేసి, తిని, మళ్లీ రాత్రి గీత దగ్గరికి వచ్చి, చిట్టచివర వచ్చేవాళ్లకు చప్పట్లు కొట్టడం ఆనవాయితీ. మరే ఆటలోనైనా విజేత ఆఖరివాడి కోసం అర్ధరాత్రి దాకా మేలుకోవడం చూశామా?

ఇనాడా 60 దాటాక ఈత నేర్చుకుని, 70 ఏళ్లకు ట్రయథ్లాన్‌లోకి వచ్చినవాడు. ఐదు సెకన్లు పోగొట్టుకున్న మరుసటి ఏడాది, 2016లో, అదే కోనాకు వచ్చి గడువులోపు ముగించాడు. 2018లో 85 ఏళ్ల వయసులో 16 గంటల 53 నిమిషాల 49 సెకన్లలో మరోసారి గీత దాటి, అక్కడ ముగించినవాళ్లలో అందరికన్నా పెద్దవాడిగా రికార్డుకెక్కాడు. మీ చిట్టా కూడా సొరుగులో ఎక్కడో ఉండే ఉంటుంది. తర్వాతి పందేనికి ఫీజు కట్టే ముందు దాన్ని బయటికి తీసి, చివరి గంట నుంచి మొదటి గంట దాకా ఒక్కసారి చదవండి.