ఆకుదే పనంతా

పొన్నూరు వచ్చినవాళ్లు ముందుగా 24 అడుగుల ఆంజనేయస్వామి దగ్గరికే పోతారు. అంత ఏకశిల ముందు తల దానంతటదే లేస్తుంది, వాళ్లననేదేం లేదు. నాకు మాత్రం గుడికెళ్తే చెవులు ధ్వజస్తంభం మీద ఉంటాయి. కొసన అడ్డపలకల అంచులకు వేలాడే చిరుగంటలున్నాయే, ఇప్పుడు బజార్లో విండ్ చైమ్స్ అని అమ్మేవాటికి మన ఊళ్లలో పెద్దక్కలు అవే. ముఖమంటపంలో గంటకు మనిషి చెయ్యి కావాలి. వీటికి గాలి చాలు.

ఆ చాలడంలోనే ఉంది పనితనమంతా. గంట ఖంగుమనాలంటే నాలుక కాస్త బరువుండాలి. బరువున్న నాలుక పిల్లగాలికి కదలదు. ఈ చిక్కుముడిని విప్పింది నాలుక చివర తగిలించే పల్చటి రేకు. గాలిని పట్టేది అది, గంటను కొట్టేది నాలుక. ఆ రేకును చాలాచోట్ల రావి ఆకులా కోస్తారు. పొడుగాటి తొడిమ, దానికి వెడల్పాటి ఆకు: ఊళ్లో చెట్లన్నీ కునుకు తీస్తున్నప్పుడు కూడా రావిచెట్టు గలగలమంటూనే ఉంటుంది. కంచరి దాని కింద కూర్చునే నేర్చుకుని ఉంటాడని నా ఊహ.

ఇక లోహం. కంచులో సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం. తగరం వల్ల లోహం గట్టిపడి మోత నిలుస్తుంది. మోతాదు మించితే పెళుసై పగులుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పోతపోసేవాళ్లకు ఈ లెక్క చేతివేళ్ల మీద ఉంటుంది.

మా వసారాలో ఉన్న విండ్ చైమ్ అంత గొప్పదేం కాదు, ఐదు అల్యూమినియం గొట్టాలు. కొన్న కొత్తలో డబ్బా కొట్టినట్టు మోగింది. తప్పు గొట్టానిది కాదు, చిల్లుది. గొట్టం మోగేటప్పుడు కంటికి కనపడనంతగా వంగుతూ లేస్తూ ఉంటుంది. రెండు కొసల నుంచీ పొడవులో 22 శాతం దగ్గర మాత్రం కదలకుండా ఉంటుంది. అంటే 45 సెంటీమీటర్ల గొట్టానికి పది దగ్గర. అక్కడ దారం కడితే అది నాదాన్ని మింగదు. నా గొట్టాలకేమో కొసనే బెజ్జాలు. కొత్తవి వేసి కట్టాక గొంతు విచ్చుకుంది.

గొట్టాన్ని సగానికి కోస్తే స్వరం రెండు స్థాయిలు పైకి పోతుంది. కాబట్టి ఒక్కో స్వరానికి కోతలో తేడా వేలెడంత కూడా ఉండదు. మంచి చైమ్స్ చాలావరకు ఐదు స్వరాలవి: స రి గ ప ధ, మన మోహన. పక్కపక్కనే ఒరుసుకునే స్వరాలు అందులో లేవు గనుక, తాళం తెలియని గాలి ఏ రెంటిని కలిపి కొట్టినా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు.

వేసవి సాయంత్రాలు బాపట్ల వైపు నుంచి సముద్రపుగాలి తగిలినప్పుడు వినాలి వాటిని. పడమటిగాలి తిరిగిన రాత్రి మాత్రం వినలేం. “మీ ఇంట్లో తెల్లవార్లూ గిన్నెలు తోమారేంటండీ?” అని పక్కింటి పిన్నిగారు అడిగారు. ఆ రాత్రి గొట్టాల జోలికి పోలేదు, కింద వేలాడే చెక్కముక్క ఒక్కటి విప్పేశాను. అంత గాలిలోనూ ఎప్పుడో ఒకసారి తప్ప పలకలేదు.

పొద్దున్నే పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూశారు. “ఏం, పాడైందా? నిద్ర పట్టలేదు.”