ఎరుక: జోస్యం నుంచి ఆత్మపరిశీలనకు - టారో నేపథ్యంలో ఎరుకలసాని ఘట్టం

వ్యాససంగ్రహం:

టారో కార్డులను భవిష్యత్తు చెప్పడానికి గాక ఆత్మపరిశీలనకూ, సామాజికన్యాయ చింతనకూ సాధనంగా వాడవచ్చన్న ఆలోచన గత కొన్ని దశాబ్దాల్లో బలపడింది. తెలుగులో దానికి సన్నిహితమైన సంప్రదాయం ఎరుక. వేంకటాచల మాహాత్మ్య కథలోని ఎరుకలసాని ఘట్టం ఆధారంగా, ఎరుక వినేవారిలో ఏ మార్పు తెస్తుందో, చెప్పేవారికి ఏమి మిగులుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎరుక, ఎరుకలసాని, టారో, తరిగొండ వెంగమాంబ, ఆత్మపరిశీలన, సామాజికన్యాయం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో “ఎరుక” అంటే తెలివిడి, జ్ఞానం. జోస్యం అన్న అర్థం కూడా ఈ మాటకు ఉంది. వేదాంతి నోట ఇది ఆత్మజ్ఞానం. బుట్ట నెత్తిన పెట్టుకొని వీధిలోకి వచ్చిన స్త్రీ నోట ఇది రాబోయే కాలపు కబురు. ఒకే పదంలో ఇమిడిన ఈ రెండు అర్థాల మధ్య సంబంధమే ఇక్కడి పరిశీలనాంశం.

ఈ పరిశీలనకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం అనువైనది. తెలుగు, కన్నడ, తమిళ భాషలు కలిసే సీమ ఇది. తెలుగువారు ఎరుకలసాని అని పిలిచే స్త్రీయే కన్నడంలో కొరవంజి, తమిళంలో కుఱత్తి. మూడు భాషల సాహిత్యాల్లోనూ ఆమె ఒక పాత్రగా స్థిరపడింది. యక్షగానాల్లో ఎరుక ఘట్టం ప్రేక్షకులు ఎదురుచూసే సన్నివేశం.

2. టారో - ప్రశ్నించే చిత్రం:

టారో 15వ శతాబ్దపు ఇటలీలో పేకాటగా మొదలైంది. 18వ శతాబ్దపు ఫ్రాన్సులో జోస్యసాధనంగా మారింది. ఇందులో 78 కార్డులుంటాయి. నేడు బహుళ ప్రచారంలో ఉన్న చిత్రాలు 1909లో లండన్‌లో వెలువడ్డాయి. ఎ. ఇ. వెయిట్ ప్రణాళిక ప్రకారం వాటిని గీసినది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి. అయితే ఆ కార్డులు చాలాకాలం ప్రచురణకర్త పేరుతోనూ, వెయిట్ పేరుతోనూ “రైడర్-వెయిట్” అని వ్యవహారంలో ఉన్నాయి. బొమ్మలు గీసిన స్త్రీ పేరు అందులో లేదు.

టారోను ఆత్మపరిశీలన సాధనంగా భావించేవారి వాదం సరళమైనది. కార్డు భవిష్యత్తును చెప్పదు. చూసేవారు తమ కథను అందులో వెతుక్కుంటారు. బయటికి చెప్పుకోలేని మాటకు చిత్రం ఒక సాకు అవుతుంది. ఈ దృష్టితోనే స్త్రీవాదులు చిత్రాలను మార్చి గీసుకున్నారు. 1981లో అమెరికాలో విక్కీ నోబుల్, కారెన్ వోగెల్ రూపొందించిన “మదర్‌పీస్” కార్డులు ఇందుకు నిదర్శనం. చిలక తీసిన బొమ్మకార్డును బట్టి జోస్యం చెప్పడం తెలుగు వీధులకూ పరిచితమే కనుక, చిత్రం ముందు ప్రశ్న పెట్టడం ఇక్కడి వారికి వింత కాదు.

3. ఎరుకలసాని ఘట్టం - వినేవారి పక్షం:

మదనపల్లెకు సమీపంలోని తరిగొండలో పుట్టిన వెంగమాంబ (1730-1817) వేంకటాచల మాహాత్మ్యాన్ని తెలుగు పద్యకావ్యంగా రచించింది. బాల్యంలోనే భర్తను కోల్పోయిన ఆమె శిరోముండనాన్ని నిరాకరించిందని జీవితకథలు చెబుతున్నాయి.

పద్మావతీ పరిణయ కథలో ఎరుక ఘట్టం కీలకమైనది. ఉద్యానంలో శ్రీనివాసుని చూసిన పద్మావతి విరహంతో చిక్కిపోతుంది. తల్లి ధరణీదేవికి కారణం తెలియదు. అప్పుడు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు నగరికి వస్తాడు. కూతురు ఒకరిని వలచిందనీ, అతనికిచ్చి పెండ్లి చేయడమే మందు అనీ ఎరుక చెబుతాడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటుంది. ఎరుకలసాని చెప్పినదానిలో పద్మావతికి తెలియనిదేమీ లేదు. తెలిసినదాన్ని తల్లి ఎదుట పలకగల సందర్భం మాత్రమే కొత్తగా లభించింది. కన్య తన ఇష్టాన్ని నోరు విప్పి చెప్పుకోలేని సమాజంలో, రాజకుటుంబంతో ఏ సంబంధమూ లేని స్త్రీ గొంతు ఆ ఇష్టానికి చెల్లుబాటు కల్పించింది. టారోవాదులు చెప్పే ఆత్మపరిశీలన ఇదే.

4. వేషం, మనిషి - చెప్పేవారి పక్షం:

ఈ ఘట్టానికి రెండో పార్శ్వం కూడా ఉంది. ఎరుక చెప్పినవాడే వరుడు. అంటే చెప్పిన మాటలో చెప్పినవాని ప్రయోజనం దాగి ఉంది. జోస్యం ఏ రూపంలో ఉన్నా, ఈ మాట వల్ల ఎవరికి లాభం అన్న ప్రశ్న తప్పనిసరి అని ఈ కథ హెచ్చరిస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది వేషం. దేవుడు ఎరుకలసాని వేషం వేశాడు. కాని నిజమైన ఎరుకలసాని కథలో లేదు. ఆమె బుట్ట ఉంది, ఆమె మాటతీరు ఉంది; ఆమె కోరిక గాని, కష్టం గాని లేవు. కథ గౌరవించినది వేషాన్నే. చరిత్రలో ఆ వేషం అసలైన హక్కుదారులకు దక్కినది వేరు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు రాజధానిలో ఎరుకలను పుట్టుకతోనే అనుమానితులను చేశారు. నాటి గుంటూరు జిల్లాలోని స్టువార్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952లో ఆ చట్టం రద్దయినా మచ్చ వెంటనే మాసిపోలేదు. పరుల మనసు తెలుసుకొని చెప్పగలదని రంగస్థలం మీద కొనియాడిన స్త్రీని ఊళ్లో దొంగగా చూడటం ఈ సంప్రదాయంలోని తీవ్రమైన వైరుద్ధ్యం. కార్డుల పేరులో పమేలా స్మిత్‌కు చోటు లేకపోవడం ఇంత క్రూరమైనది కాకపోయినా, పనిని ఉంచుకొని మనిషిని తుడిచివేసే తీరు రెండుచోట్లా ఒకటే.

5. ఎరుక - రెండో అర్థం:

వెంగమాంబ వాసిష్ఠ రామాయణాన్ని కూడా రచించింది. అందులోని ఎరుక తనను తాను తెలుసుకోవడం. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తన పేర నడుస్తున్న నక్షత్రసంఘాన్ని రద్దు చేశాడు. సత్యాన్ని చేరడానికి మధ్యవర్తి అవసరం లేదన్నది ఆయన నిలకడైన మాట. ఈ దృష్టితో చూస్తే ఎరుక చెప్పేవారు గాని, టారో కార్డు గాని గమ్యం కాలేరు. వినేవారు తమను తాము చూసుకోవడం మొదలుపెట్టే వరకే వారి పాత్ర. జోస్యం మీద ఆధారపడటం పెరిగేకొద్దీ ఎరుక తగ్గుతుంది.

6. ముగింపు:

1. ఎరుక ఘట్టం భవిష్యత్తును చెప్పదు; అణగిన మాటకు దారి ఇస్తుంది. ఈ అంశంలో అది ఆధునిక టారో దృక్పథానికి సన్నిహితం.

2. చెప్పేవారి ప్రయోజనాన్ని ప్రశ్నించకుండా జోస్యాన్ని ఆత్మపరిశీలన అనడం తొందరపాటు.

3. వినేవారి మనసు తేలికపడటంతో సామాజికన్యాయం సిద్ధించదు. చెప్పేవారి బతుకును కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది.

4. ఎరుకను మూఢనమ్మకంగా కొట్టివేయకుండా, మహిమగా నెత్తికెత్తుకోకుండా, మౌఖికకళగా నమోదు చేయాలి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర వంటి జనసమ్మర్ద సందర్భాలు క్షేత్రపరిశోధనకు అనువైనవి. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం మూడు భాషల ఎరుక పాఠాలను ఒకచోట పోల్చి చూడటానికి తగిన వేదిక. ఆ నమోదులో ప్రతి పాఠం పక్కన దాన్ని చెప్పిన స్త్రీ పేరు, ఆమె సమ్మతితో, తప్పక ఉండాలి.