మైనస్ ఇరవై ఒకటి

కాకినాడలో ఓ అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. కింద కరెంటు స్తంభం నుంచి నల్లటి డ్రాప్ వైరు గోడ పట్టుకుని పైకొచ్చి, ఏసీ పైపు కోసం ఎప్పుడో చేయించిన కన్నంలోంచి హాల్లోకి దూరింది. ఫైబర్ కుర్రాడు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని వైరు పై తొడుగు ఒలిచాడు. లోపల ఉన్నది వెంట్రుకను తలపించే గాజుపోగు. మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే నడిమి దారి సుమారు 9 మైక్రాన్లే. స్పిరిట్ అద్దిన టిష్యూతో తుడిచాడు, చప్పుడు వచ్చేదాకా మళ్లీ తుడిచాడు, క్లీవర్‌లో పెట్టి కొస కోశాడు. తెగిపడ్డ ముక్కను మాత్రం పారేయలేదు. టేపుకి అంటించి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కాల్లో దిగితే కంటికి ఆనదండి, ఆంటీ గారూ. అమ్మమ్మగారు చెప్పుల్లేకుండా తిరుగుతున్నారు కదండీ."

ఈ కాలమ్ రచయిత్రికి ఆ కుర్రాడి మీద నమ్మకం కుదిరింది ఆ ముక్క దగ్గరే. తర్వాత స్ప్లైసింగ్ మిషన్ తెరమీద రెండు పోగుల కొసలు ఎదురెదురుగా వచ్చాయి, ఒక విద్యుత్ మెరుపు వాటిని కరిగించి కలిపింది. నష్టం 0.02 డెసిబెల్ అని తెర చూపించింది. అతుకు మీద తొడుగు వేసి వేడిచేశాక, పవర్ మీటరు తగిలించి చదివాడు. "మైనస్ ఇరవై ఒకటి వస్తోందండి. ఢోకా లేదు."

ఇంటికి ఫైబర్ పెట్టించుకునేవాళ్లు ప్లాన్ ధర అడుగుతారు, ఎన్ని ఎంబీపీఎస్ అని అడుగుతారు, ఓటీటీ ఏమేం ఇస్తారని అడుగుతారు. ఈ మైనస్ సంఖ్యను అడిగేవాళ్లు తక్కువ. మిగతా లెక్కలన్నీ నిలబడేది దాని మీదే. ఇది వెలుగు బలానికి కొలత. సున్నా అంటే ఒక మిల్లీవాట్. మూడు డెసిబెళ్ల చొప్పున తగ్గినప్పుడల్లా వెలుగు సగమవుతుంది. మైనస్ 20 అంటే మిల్లీవాట్‌లో నూరో వంతు. అంత పలచబడటానికి కారణం దారిలో ఉన్న స్ప్లిట్టర్. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒక్క పోగును 32 ఇళ్లకు పంచాలంటే వెలుగును ఐదుసార్లు సగం చేయాలి. పదిహేను డెసిబెళ్లు అక్కడే పోతాయి, అతుకుల దగ్గర, కనెక్టర్ల దగ్గర ఇంకొన్ని. ఇలా పంచుకునే లైన్లకు వాడే మామూలు జీపాన్ మోడెమ్ మైనస్ 27 దాకా చదవగలదు. కనెక్టర్ మొహాన పడ్డ ధూళి కణం, గుమ్మం సందులో నలిగిన వంపు, ఆ హద్దుకూ చేతికొచ్చే బలానికీ మధ్యనున్న మిగులునే తింటాయి. ఆకుపచ్చ కనెక్టర్ కొసను 8 డిగ్రీల వాలుగా చెక్కుతారు, వెలుగు వెనక్కి తిరిగి మూలానికి పోకుండా. నీలం రంగుదాన్ని తెచ్చి అందులో దూరిస్తే, బిగుసుకున్నట్టే కనిపిస్తుంది గానీ మొహాలు కలవవు.

గాజులో వెలుగు దూరం పోదని 1960ల దాకా అందరూ అనుకున్నారు. లోపం గాజుది కాదు, దానిలోని మలినాలది అని 1966లో ఇంగ్లండ్‌లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ వాదించారు. కిలోమీటరుకు 20 డెసిబెళ్ల నష్టం దాటకపోతే ఫోన్ తీగగా పనికొస్తుందన్నారు. అంటే కిలోమీటరు నడిచాక వెలుగులో నూరో వంతు మిగిలితే చాలన్నమాట. నాలుగేళ్లకు అమెరికాలో కార్నింగ్ సంస్థ ఆ గీత దాటింది. నేటి పోగులో, 1550 నానోమీటర్ల తరంగం దగ్గర, కిలోమీటరు తర్వాత 95 శాతం వెలుగు మిగిలే ఉంటుంది. కావ్‌కు నోబెల్ వచ్చింది 2009లో.

తెలుగు నేలమీద ఆ పోగు రెండు దారుల్లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలెక్కింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే పరిచారు. స్తంభమెక్కితే ఖర్చు తక్కువ, తుఫాను భయం ఎక్కువ. కాకినాడవాళ్లకు ఆ భయం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, బాక్సు మీద లైట్లు పచ్చగా వెలిగాయి. రచయిత్రి తీసుకున్నది 200 ఎంబీపీఎస్ ప్లాన్. కుర్రాడు తన ఫోన్‌లో, మోడెమ్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేసి 203 చూపించాడు. అతను వెళ్లాక, ఆమె ల్యాప్‌టాప్‌కు పాత కేబుల్ తగిలించి చూస్తే 94. మళ్లీ చూస్తే 94. మూడోసారీ అంతే. కంపెనీకి ఫోన్ చేసి పోట్లాడాలనిపించే సంఖ్య అది. నిజానికి అంత నిలకడైన 94 ఒక ఆనవాలు. ఈథర్‌నెట్ తీగ వందకు పరిమితమైనప్పుడు, ప్యాకెట్ల పై చుట్టలకు పోయేది పోగా చేతికందేది సరిగ్గా అంతే. వెయ్యి ఎంబీపీఎస్‌కు తీగలోని ఎనిమిది పోగులూ కావాలి. వందకు నాలుగు చాలు. ఆ పాత కేబుల్ క్లిప్పులో రెండు పోగులు ఊడిపోయి ఉన్నాయి. కొత్త కేబుల్ వేస్తే 200 దాటింది. పడగ్గదిలో, రెండు గోడల అవతల, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద మాత్రం 38. ఆ అంకె పక్క ఫ్లాట్ల రౌటర్లన్నిటితో పంచుకునే గాలిది. ఫైబర్‌ను అక్కడ నిలదీసి లాభం లేదు. ఇంకొకటి, ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లయితేనే ఒక బైట్. 200 ప్లాన్‌లో సినిమా సెకనుకు 25 మెగాబైట్ల చొప్పున దిగుతుంది. ఈ ఒక్క భాగహారం తెలిస్తే కస్టమర్ కేర్‌కు వెళ్లే ఫోన్లు బాగా తగ్గుతాయి.

ఆమె తల్లికి డెబ్భై ఎనిమిదేళ్లు. ఆ పెద్దావిడకు డౌన్‌లోడ్‌తో పనిలేదు. రాత్రి ఎనిమిదింటికి న్యూజెర్సీలో ఉన్న మనవరాలితో మాట్లాడాలి, అంతే. పాత కనెక్షన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పమ్మా", "కాదు, నువ్వే చెప్పు అమ్మమ్మా" అనుకునేవాళ్లు. వేగం సరిపోని తప్పు కాదది. వీడియో కాల్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. మాట వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం సమస్య. గేమ్స్ ఆడే పిల్లలు దాన్ని పింగ్ అంటారు. అమెరికా సైన్యపు పరిశోధనశాలలో మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రాము పేరది. జలాంతర్గాముల సోనార్ చప్పుడు నుంచి తీసుకున్నాడు. ఒక పలకరింపు పంపడం, అది తిరిగొచ్చేదాకా గడియారం చూడటం. నలభై ఏళ్లు దాటినా ఇంతకంటే నిజాయితీ గల పరికరం ఇంటర్నెట్‌కు మరొకటి రాలేదని రచయిత్రి అభిప్రాయం.

గాజులో వెలుగు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కాకినాడ నుంచి చెన్నైకి తీగ దారి 650 కిలోమీటర్లనుకుంటే, రానుపోను ఆరున్నర మిల్లీసెకన్లు. ఆమెకు వచ్చింది 17. రౌటర్లు, చుట్టుదారులు కలిపితే సబబే. న్యూజెర్సీ సూటిగా కొలిచినా 13 వేల కిలోమీటర్లు. ఏ కంపెనీ ఎంత డబ్బు తీసుకున్నా రానుపోను 130 మిల్లీసెకన్ల కంటే తగ్గించలేదు. అసలు దారి సముద్రాల అడుగున వంకరలు పోతుంది కాబట్టి ఆమె ఇంట్లో 230 దాకా వచ్చింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెద్దా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు ఆ దారిన పోయే డేటా ఆలస్యమవుతుందని మైక్రోసాఫ్ట్ తన కస్టమర్లకు చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి రోజున కూడా ఊళ్లోని సర్వర్‌తో చేసే స్పీడ్ టెస్ట్ మాత్రం నిండుగా 200 చూపిస్తుంది. అందుకే టెస్ట్ చేసేటప్పుడు సర్వర్ ఎక్కడుందో చూడాలి.

మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం సంఘం లెక్క. 230లో సగం 115. మైకు, కెమెరా, వైఫై తమ వాటా తీసుకున్నాక మిగిలేది చాలా కొంచెం. ఆ కొంచెం ఇంట్లోనే ఖర్చయిపోతే?

అదే జరుగుతోంది. ఖాళీ సమయంలో చెన్నైకి 17 ఉన్న పింగ్, ఫోన్‌లో ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతున్నప్పుడు 240 అయింది. 2010లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజినీరు తన ఇంట్లో ఇదే చూశాడు. పెద్ద ఫైలు పంపుతుంటే పింగ్ సెకను దాటిపోయింది. కారణం వెతికి దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. ప్యాకెట్లు పోకూడదని రౌటర్లలో మెమరీ ధారాళంగా పెడతారు. లైను నిండగానే అవన్నీ అందులో బారులు తీరతాయి. కాకినాడ పోర్టు గేటు ముందు లారీల వరుస చూసినవాళ్లకు అర్థమవుతుంది: రోడ్డు వెడల్పుగానే ఉంటుంది, వరుస వెనక చిక్కిన స్కూటరు మాత్రం కదలదు. వీడియో కాల్ ఆ స్కూటరు. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ వరుసలో నిలబడ్డ కాలాన్ని చూసి వరుసను తగ్గించే కోడెల్ పద్ధతి తెచ్చారు. డేవ్ టాట్ తదితరులు దానికి ఎవరి వరుస వారికి విడదీసే ఎఫ్‌క్యూ-కోడెల్ జోడించారు. రచయిత్రి ఆ సదుపాయమున్న రౌటరు కొని, లైనును 180 దగ్గర కట్టేసింది. ఇరవై ఎంబీపీఎస్ వదులుకుంది. ఫొటోలు ఎక్కుతున్నప్పుడు కూడా పింగ్ 30 దాటలేదు.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు నడుస్తోంది. పొద్దున ఆరింటికొకసారి, రాత్రి తొమ్మిదింటికొకసారి. స్ప్లిట్టర్ పంచే రెండున్నర జీబీపీఎస్ వీధి మొత్తానిది, కాబట్టి రాత్రి అంకె పొద్దుటి అంకె కంటే ఎంత కిందికి జారుతుందో చూడాలి. తేదీ, తీగా వైఫైయా, సర్వర్ ఊరు, వేగం, ఖాళీ పింగ్, నిండు పింగ్, మోడెమ్ పేజీలో కనిపించే వెలుగు బలం. రెండు నిమిషాల పని.

సంక్రాంతి ముందు ఇల్లు దులిపారు. నాలుగో రోజు రాత్రి కాల్ మధ్యలో మనవరాలి మొహం బిగుసుకుపోయింది. పెద్దావిడ ఫోన్‌ను చేతికి దూరంగా పట్టుకుని, "అదేంటే, అలా ఆగిపోయింది" అని అడిగింది. నోటుబుక్కు తెరిస్తే వేగం మామూలే, పింగ్ మామూలే, వెలుగు బలం మాత్రం మైనస్ 26.4. అంచుమీద ఉంది. ఫోన్ చేస్తే అదే కుర్రాడు వచ్చాడు. పెన్నులాంటి ఎర్ర లేజరు తగిలించి హాల్లో లైటు ఆర్పమన్నాడు. సోఫా వెనక, గోడకు నొక్కుకుపోయిన చోట, పలచని పసుపు తొడుగులోంచి ఎర్రటి వెలుగు బయటికి కారుతోంది. సోఫాను జానెడు ముందుకు లాగాడు. నలిగిన ప్యాచ్ కార్డు తీసేసి కొత్తది వేశాడు. మిగిలిన వైరును అరచేయంత చుట్టగా వదులుగా చుట్టి మేకుకు తగిలించాడు. ఆమె మోడెమ్ పేజీ చూసి అంకె చదివింది, అతను తలూపాడు.

ఆ రాత్రి కాల్ నలభై నిమిషాలు నడిచింది. నోటుబుక్కులో మైనస్ 21.3 అని రాసి, పక్కన "సోఫా" అని రాసుకుంది.