కార్టులో పడితే మనది కాదు

పొద్దున పది గంటలకు తత్కాల్ టికెట్ కోసం ఐఆర్‌సీటీసీ ముందు కూర్చున్నవాళ్లకు, 2020 చివర్లో అమెరికాలో తూటాలు కొనడం ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. స్టాక్ వచ్చిందని ఫోన్‌కి మెయిల్ వస్తుంది. సైటు తెరిచి కార్టులో వేస్తాం. అడ్రసూ కార్డు నంబరూ ముందే సేవ్ చేసి పెట్టుకున్నా, మీ వయసెంత అని అడిగే పేజీ ఒకటి అడ్డం వస్తుంది. అది దాటి ఆర్డర్ నొక్కేసరికి సరుకు అయిపోయిందంటుంది. చాలా సైట్లలో కార్టులో వేసినంత మాత్రాన అది మన పేరున ఆగదు. ముందు డబ్బు కట్టినవాడిదే సరుకు.

అమెరికాలో తుపాకుల గురించి నోరు విప్పితే ముందు ఏ పక్షమో చెప్పమంటారు. నాది కాగితానికి చిల్లులు పెట్టే పక్షం. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు పాయింట్ టూ టూ రైఫిల్ చేతికిచ్చి, నేల మీద బోర్లా పడుకోబెట్టి, లెక్కపెట్టి తూటాలిచ్చి, కాల్చాక ఖాళీ ఖోకాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారే, ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇది. డాలస్ వచ్చాక కూడా చాలా ఏళ్లు ఊరుకోవాల్సి వచ్చింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి గానీ, అటు వెళ్లే ధైర్యం ఎవరికుంటుంది? గ్రీన్ కార్డు వచ్చాకే రైఫిల్ కొన్నాను.

ఇక తూటాల కరువు సంగతి. కరోనా వచ్చింది, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత వీధులు అట్టుడికాయి, ఆపైన అధ్యక్ష ఎన్నికలు. తుపాకీ కొనబోయేవారి పూర్వాపరాలు ఎఫ్‌బీఐ తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీలు 2019లో 2.8 కోట్లుంటే 2020లో దాదాపు 4 కోట్లకు చేరాయి. ప్రతి తనిఖీ ఒక అమ్మకం కాదు గానీ, గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ఆ ఏడాది కొత్తగా తుపాకీ కొన్నవాళ్లే 84 లక్షల మంది ఉంటారని తుపాకుల పరిశ్రమ సంఘం అంచనా వేసింది. వీళ్లు తలా రెండు డబ్బాలు, అంటే వంద తూటాలు కొన్నా 84 కోట్లు కావాలి. పాతవాళ్లు ఊరుకుంటారా? ఒక డబ్బా కొనేవాడు పది కొన్నాడు. అంతకుముందు ఇరవై సెంట్లకు అటూ ఇటూ దొరికే 9 ఎంఎం తూటా డెబ్బై సెంట్లు దాటింది.

కంపెనీలు సరుకు దాచేస్తున్నాయన్న పుకారు ఎంత ముదిరిందంటే, ఫెడరల్ అనే తూటాల కంపెనీ అధ్యక్షుడు జేసన్ వాండర్‌బ్రింక్ ఆ డిసెంబరులో కెమెరా ముందుకొచ్చి, మాకు రహస్య గోదాములేవీ లేవు బాబోయ్ అన్న ధోరణిలో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నేనాయన్ని నమ్మాను. తూటా చేయాలంటే ప్రైమర్ కావాలి. దెబ్బ తగలగానే మండి మందుకు నిప్పంటించేది అదే. అమెరికాలో దాన్ని పెద్ద ఎత్తున చేసేవి అప్పట్లో నాలుగు బ్రాండ్లే. వాటిలో ఒకటైన రెమింగ్టన్ 2020 జులైలో దివాలా పిటిషన్ వేసింది. అర్కాన్సాలో, లోనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ వేలంలో కొని మళ్లీ గాడిన పెట్టాల్సి వచ్చింది.

నేను వాడే పాయింట్ టూ టూకి విడి ప్రైమర్ కూడా ఉండదు. పల్చటి ఇత్తడి గొట్టంలో తడిగా ఉన్న పేలుడు ముద్ద చిటికెడు వేసి గిరగిరా తిప్పితే అది అడుగు అంచులోకి వెళ్లి కూర్చుంటుంది. దాని యంత్రాలే వేరు. 9 ఎంఎం చేసే లైను మీద ఇది రాదు. పైగా ఒకసారి కాల్చిన ఖోకాను మళ్లీ నింపుకునే వీలూ లేదు.

మరి కొత్త ఫ్యాక్టరీలు కట్టొచ్చుగా అంటే, భయంతో లేచిన గిరాకీ భయం తగ్గగానే పడిపోతుందని కంపెనీలకు తెలుసు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక, కొత్త చట్టాలొస్తాయేమోనని జనం ఎగబడితే పాయింట్ టూ టూ తూటాలు ఏళ్ల తరబడి సరిగా దొరకలేదు. తర్వాత 2016 ఎన్నికలతో ఆ భయం పోయింది, అమ్మకాలు కూలాయి, రెమింగ్టన్ 2018లోనే మొదటిసారి దివాలా గడప తొక్కింది. ఇదంతా చూసినవాడు కొత్త యంత్రాల మీద కోట్లు పోయడు.

కరువులో నా సాధన నడిచింది పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కల మీద. గోడకు స్క్రూ బిగించేటప్పుడు రంధ్రంలో పెట్టే ప్లగ్గులున్నాయే, వాటిలో చిన్న సైజు సరిగ్గా పాయింట్ టూ టూ ఛాంబర్‌లో పడుతుంది. ఖాళీ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి, పోనుపోను అక్కడ సొట్ట పెట్టొచ్చు. ప్లగ్గు వేస్తే దాని తలకట్టు తూటా అంచు ఉండే చోటే కూర్చుని ఆ దెబ్బ తను తింటుంది. నాలుగైదు దెబ్బలకోసారి కాస్త తిప్పి, నలిగాక పారేయడమే. తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, ఛాంబర్ రెండుసార్లు చూసుకుని, గోడ మీద అంటించిన చిన్న నల్ల చుక్కకు గురి పెట్టి టిక్కుమనిపిస్తాను. శబ్దం లేదు, ఎదురుతన్ను లేదు. అందుకే ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురి ఎటు జరిగిందో కంటికి పట్టుబడుతుంది. నిజం తూటాతో అయితే ఆ అదురులో సగం తప్పులు కప్పబడిపోతాయి. నా ఎడమ మోచేయి చివరి క్షణంలో జారుతోందని రేంజ్‌లో కాదు, పడగ్గదిలో తెలిసింది. మా ఆవిడకు మాత్రం ఈ టిక్కుటిక్కులు వింటే ఇప్పటికీ ఒళ్లుమంట.

ఎయిర్ రైఫిల్ మరో దారి. దానికి మందూ అక్కర్లేదు, ప్రైమరూ అక్కర్లేదు, చిన్న సీసం పెల్లెట్ చాలు. పది మీటర్ల దూరాన పదో నంబరు అంటే అర మిల్లీమీటరు చుక్క. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ చుక్కను కొట్టే.

కొనుగోలు సంగతికొస్తే, ఎక్కడా లేని సరుకు అన్ని సైజుల్లో, పాత ధరకే ఉందని చూపించే సైటు దాదాపు దొంగ సైటే. కార్డు వద్దు, జెల్‌లో డబ్బు పంపండి అంటే ఇక అనుమానమే అక్కర్లేదు. గన్ షోల్లో మడత బల్లల మీద మూడింతలకు అమ్మేవాళ్ల దగ్గర నేను కొనలేదు. వాళ్లని తిట్టి లాభం లేదు గానీ, పోషించే పనీ నాది కాదు. కాలిఫోర్నియాలో ఉన్న మా మిత్రుడి తిప్పలు ఇంకో రకం. ఆన్‌లైన్ పందెంలో నెగ్గినా పార్సిల్ ఇంటికి రాదు. అక్కడ 2019 జులై నుంచి తూటాలకు కూడా తనిఖీ ఉంది. లైసెన్సున్న డీలర్ దగ్గరికి తెప్పించుకుని, ఆయన రుసుము కట్టి తెచ్చుకోవాలి.

ఇప్పుడు సరుకు దొరుకుతోంది. ముందు ఒక్క డబ్బా తెచ్చి కాల్చి చూస్తాను. కాగితం మీద చిల్లుల గుంపు దగ్గరగా పడితే, అదే లాట్ నంబరు ఇంకా ఉంటే, ఏడాదికి సరిపడా తీసుకుంటాను. ఒక లాట్ నచ్చిన రైఫిల్‌కి మరో లాట్ నచ్చకపోవచ్చు, పేరూ ధరా ఒకటే అయినా సరే. కరువులో ఈ ఎంపికంతా గాల్లో కలిసిపోతుంది, దొరికిందే ప్రసాదం.

మొన్న రేంజ్‌లో పక్క లేన్ పెద్దాయన, మళ్లీ ఏదో రాబోతోంది, ఇప్పుడే కొని పెట్టుకో అని చెవిలో వేశాడు. మీ దగ్గర ఎన్నున్నాయేంటని అడిగాను. లెక్కలేదు గానీ, గరాజ్‌లో కారు పెట్టి మూడేళ్లయిందన్నాడు.