భుజమెత్తి వాలే చెట్టు

సిక్కింలో, అరుణాచల్ ప్రదేశ్‌లో, సుమారు 3,000 మీటర్ల ఎత్తున లార్చ్ అనే చెట్టు పెరుగుతుంది. దేవదారుకు చుట్టం. కొమ్మలు కిందికి వేలాడతాయి. చలికాలం ముంచుకొస్తుంటే ఆకుసూదులన్నీ పసుపుకి తిరిగి రాలిపోతాయి. చలిదేశాల వాళ్ళు లార్చ్ జాతుల్లో బాగా వాలే రకాలను అంటుకట్టి, ఇంటి ముందు నాలుగడుగుల జాగాలో పెట్టుకుని మురిసిపోతుంటారు. ఇక మన అరకు లోయ ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. పుష్యమాసపు రాత్రి ఎంత వణికించినా, లార్చ్ కోరే గడ్డకట్టే చలి ఇక్కడ నెలల తరబడి నిలవదు. నిలవకపోతే పోనీ. ఆ వాలునే, అంతకన్నా చలాకీగా, ఇక్కడి ఎర్రమట్టిలో చూపించే చెట్టు ఒకటుంది: బాటిల్ బ్రష్, అందులోనూ కొమ్మలు వేలాడే రకం.

మన పార్కుల్లో, ఆఫీసు ఆవరణల్లో అందరూ చూసిందే. చూసిందే కాబట్టి ఎవరూ చూడరు. పూత వచ్చినప్పుడు ఎర్రగా కుంచెలు వేలాడితే ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. నన్నడిగితే ఈ చెట్టును మొదట పూత లేనప్పుడే చూడాలి. ఒక్క కొమ్మను ఎంచుకుని, మొదలు నుంచి కొన దాకా కళ్ళతో నడవాలి. మాను నుంచి విడిపడ్డ కొమ్మ ముందు పైకే పోతుంది, ఆకాశం మీద ఆశ ఉన్నట్టే. మూర దూరమో బారెడు దూరమో అలా ఎగబాకాక, ఆకుల బరువు తనకే తెలిసి, నెమ్మదిగా ఒంగుతుంది. అక్కడి నుంచి సన్నబడుతూ తిన్నగా నేలకేసి దిగుతుంది. ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యే ఆ వంపును నేను భుజం అంటాను. ఈ చెట్టు అందమంతా ఆ భుజంలో ఉంది. వేలాడే కొనలు ఆ అందానికి ఫలితం మాత్రమే.

పోల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. అశోకచెట్టని మనం పిలుచుకునే నరమామిడి ఉంది కదా, గేట్ల పక్కన బారులు తీరి నిలబడేది. దాని కొమ్మలూ కిందికే ఉంటాయి. కానీ మానును వదిలిన క్షణం నుంచీ కిందికే. ఎక్కాలన్న ఊహే లేని కొమ్మ దిగితే అందులో చూడటానికి ఏముంటుంది? ఆకుపచ్చ స్తంభం ఒకటి మిగులుతుంది. నీడకీ చాటుకీ పనికొస్తుంది, కాదనను.

ఈ కొండలకు వాలు అందం కొత్త కాదు. ఇక్కడి సొంత చెట్టు జీలుగు. తాటికి దాయాది, చేపతోక ఆకారపు ఆకులది. దాని పూగెల మొవ్వు దగ్గర పుట్టి, వందలాది తీగలుగా విడిపోయి, మనిషి ఎత్తును మించి కిందికి జారుతుంది. జీలుగు కల్లు గీసేవాళ్ళకి ఆ గెల కాడే బతుకుతెరువు. జీలుగు పూయడం తల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో గెలనూ అంతకు ముందుదాని కింద వేస్తూ, మాను వెంట దిగుతూ వస్తుంది. అట్టడుగు గెల పండాక చెట్టు చచ్చిపోతుంది. అలాంటి వాలును చూస్తే కరుణరసం తలపుకొస్తే రావచ్చు. అంత పెద్ద ప్రాణం అలా మెట్లు దిగుతూ ఖర్చయిపోవడం చిన్న విషయం కాదు. కానీ చిన్న పెరట్లో ఇమిడే చెట్టూ కాదు, ఇంటి ముందు పెట్టుకుని రోజూ భరించగల రసమూ కాదు.

బాటిల్ బ్రష్‌ది వేరే సంగతి. కొమ్మ వాలితే చాలు దిగులు అంటగట్టడం మనకు అలవాటు. ఈ చెట్టు దగ్గర ఆ అలవాటు పనిచెయ్యదు. మధ్యాహ్నం దాటి లోయలో గాలి లేచినప్పుడు చూడండి. ముందు కొనలు కదులుతాయి, ఆ కదలిక పైకి పాకుతుంది, భుజం దాకా వచ్చి ఆగిపోతుంది. మాను మీదకి రాదు. కొన ఆడుతుంటే మొదలు నిలబడే ఉంటుంది. దీన్ని లాస్యం అనాలి. శోకం ఎక్కడుంది ఇందులో?

మంచు పట్టిన పొద్దున సంగతి ఇంకోలా ఉంటుంది. మార్గశిరంలో, వలిసె చేలు పసుపు పూసే రోజుల్లో, సూర్యుడు కొండ మీదికొచ్చినా లోయలో పొగమంచు చాలాసేపు కదలదు. గాలి ఉండదు. సన్నటి ఆకులన్నీ కిందికే చూస్తుంటాయి కనుక ఒక్కో ఆకు మొన మీదా ఒక్కో చుక్క నిలుస్తుంది. వెనకున్న కొండ కనిపించదు, పక్కింటి రేకుల కప్పూ కనిపించదు. పెరడు ఎంత చిన్నదో ఆ పూట ఎవరూ చెప్పలేరు. కొండలన్నీ పైకి లేస్తున్న చోట కిందికి దిగే గీత ఒకటుంటే, చారెడు జాగాకి కూడా లోతు వస్తుంది.

ఇక పూత. శీతాకాలం వెళ్ళాక మొదలై, ఇక్కడి ఆదివాసుల ఇటికల పండుగ జరిగే చైత్రం దాకా సాగుతుంది. ఆ ఎరుపు రేకులది కాదు, కేసరాలది. రేకులు చిన్నవి, తొందరగా రాలిపోతాయి. నేరేడు పూతలోనూ ఇదే తంతు. రెండూ, జామతో సహా, ఒకే కుటుంబం. కానీ నేరేడు పూగుత్తి పువ్వుల దగ్గరే ముగిసిపోతుంది. బాటిల్ బ్రష్‌లో రెమ్మ పువ్వుల గుండా దూరి ముందుకు సాగుతుంది! కుంచె చివర చిగురు తొంగిచూస్తుంది, పట్టులాంటి నూగుతో, రాగి కలిసిన గులాబీ రంగులో. కేసరాలు రాలాక గట్టి చిన్న కాయలు రెమ్మ చుట్టూ పూసలు గుచ్చినట్టు మిగులుతాయి. వాటిని దాటి ఆకులు, ఆ పైన మళ్ళీ పూత, మళ్ళీ కాయలు. ఏ పూత ఎక్కడ పూసిందో కొమ్మే గుర్తుపెట్టుకుంటుంది. తేనెపిట్ట వచ్చి ఆ వేలాడే కొననే పట్టుకుని తలకిందులుగా ముక్కు పెడుతుంది. దాని బరువుకి కొమ్మ ఇంకో బెత్తెడు దిగుతుంది, అంతే.

ఇది ఇక్కడి చెట్టు కాదు, తూర్పు ఆస్ట్రేలియా వాగుల గట్లది. 1770లో కెప్టెన్ కుక్ ఓడలో వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞులు బ్యాంక్స్, సొలాండర్‌లు సేకరించిన మొక్కల్లో ఇదీ ఉంది. 1788లో శాస్త్ర గ్రంథానికి ఎక్కింది. దాని ఊరి మనిషే ఇంకొకరు అరకులో ముందే స్థిరపడి ఉన్నారు: కాఫీ తోటల మీద నీడపట్టే సిల్వర్ ఓక్. అదీ తూర్పు ఆస్ట్రేలియాదే. మిరియం తీగను ఒంటి మీద ఎక్కించుకుని, నిటారుగా, ఒక్క వంపూ లేకుండా నిలబడే చెట్టు. పెరటి వెనకాల కాఫీ తోట ఉంటే బాటిల్ బ్రష్‌ను ఆ సిల్వర్ ఓక్‌ల వరసకు ఎదురుగా నాటండి. నిలువు గీతల ముందే వంపు బాగా కనిపిస్తుంది.

పెంచడం కష్టం కాదు. కొండ ఎర్రనేల దానికి పడుతుంది, వాన ఎక్కువైనా ఓర్చుకుంటుంది. వాగు గట్టు మీద పుట్టిన చెట్టు కనుక నీళ్ళ వాసన పట్టి వేళ్ళు పైపుల జోలికి పోతాయి, వాటికి దూరంగా నాటాలి. గోడకీ దానికీ మధ్య రెండు మూడు మీటర్లు వదలాలి. చోటు చాలని భుజం అసలు భుజమే కాదు. విత్తనాలు దుమ్మంత సన్నం, మొలకలు తల్లిని పోలతాయని నమ్మకం లేదు. అందుకే నర్సరీలో పూత మీదున్న మొక్కనే, వాలు కంటితో చూసి, ఎంచుకోవాలి. లేదా నచ్చిన చెట్టు నుంచి కొమ్మ కత్తిరించి నాటుకోవాలి. మొదట్లో గాలికి ఒరగకుండా ఊతకర్ర చాలు.

కత్తిరింపు దగ్గరే పాపాలన్నీ జరుగుతాయి. రిసార్టుల ముందు పొదలన్నిటినీ గుండ్రంగా గొరిగే కత్తెర దీని మీద కూడా పడితే, కొనలు తెగుతాయి, తెగిన చోట గుత్తులుగా చిగుళ్ళు లేస్తాయి, బరువు పైన చేరి వంపు పోతుంది. పూత అయిపోగానే, వాడిన కుంచెకి కాస్త వెనకగా మాత్రమే తుంచాలి. గుబురు ఎక్కువైతే లోపలి కొమ్మను మొదలంటా తీసెయ్యాలి. కొనల్ని మాత్రం సమంగా కొయ్యకూడదు. నేల తాకుతోందని మోకాలి ఎత్తుకి కత్తిరించిన చెట్టు, కురచ చొక్కా తొడుక్కున్నవాడి అవస్థలో పడుతుంది.

జాగా మరీ తక్కువనుకునేవాళ్ళకి నర్సరీల్లో లిటిల్ జాన్ అనే పొట్టి రకం అమ్ముతారు. నీలి ఛాయ ఆకులు, చిక్కటి ఎరుపు పూత, కుండీలోనూ బతుకుతుంది. మంచి మొక్కే, తేనెపిట్టలు దానికీ వస్తాయి. కానీ దానికి భుజం లేదు. వేలాడే రకంలోనే పొట్టిది కావాలంటే కెప్టెన్ కుక్ దొరుకుతుందేమో అడగండి. అదీ దొరక్కపోతే, పెరట్లో ఇంకేదో ఒకటి తగ్గించుకుని అయినా, పెద్దదాన్నే పెట్టమంటాను.