శీల చూసి కట్టిన బండి

పావురాలగుట్ట పేరెత్తితే కర్నూలు, కడప జిల్లాల్లో ఇప్పటికీ ఒక్క క్షణం మాట ఆగిపోతుంది. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేటలో లేచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో కూలింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. వానే కారణమంటారు జనం. వాన నిజమే. విచారణ కమిటీ ఇంకో సంగతి కూడా చెప్పింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ విషయంలో ఏదో తేడా కనబడితే, దానికేం చేయాలో చెప్పే పేజీ కోసం పైలట్లు చాలాసేపు వెతికారు. బయట ముసురు, కింద కొండలు. వాటి మీద ఉండాల్సిన ధ్యాస కాగితాల్లో చిక్కుకుంది.

పోయినవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఒకరు పుస్తకం వెతుకుతుంటే రెండోవారి చూపు విమానం మీదే ఉండాలి. చెప్పడానికి ఇంత చిన్న నియమం. దాని కోసం లోకం చెల్లించిన ఖరీదు మాత్రం చిన్నది కాదు. ఆ ఖరీదు ఎక్కువగా కట్టినవాళ్లలో నౌకాదళ వైమానికులు ముందుంటారు.

సముద్రం మీద చీకటి పడితే నీళ్లేవో ఆకాశమేదో తెలియదు. దిగాల్సిన చోటు, అంటే ఓడ డెక్, ముందుకు పోతూ ఉంటుంది, ఊగుతూ ఉంటుంది. కొరియా యుద్ధం ముగిశాక, 1954లో, అమెరికా నౌకాదళం 776 విమానాలు పోగొట్టుకుంది. ఒక్కో స్క్వాడ్రన్‌ది ఒక్కో పద్ధతి, అక్కడి సీనియర్ చెప్పిందే శాసనం. ఆ రోజుల్లోనే ఓడ డెక్‌ను పక్కకు కోణంగా తిప్పారు. దిగేటప్పుడు పట్టి ఆపే తాడు అందకపోతే విమానం ఎదురుగా నిలిపి ఉన్నవాటిని గుద్దకుండా మళ్లీ లేచిపోగలిగింది. 1961 నుంచి ఎవరు నడిపినా ఒకటే పద్ధతి ఉండేలా ప్రామాణిక పుస్తకాలు వచ్చాయి. వీటన్నిటిలో నాకు ఎంతో ఇష్టమైనది అద్దం. బ్రిటిష్ నౌకాదళ అధికారి నికలస్ గుడ్‌హార్ట్ ఒక చేతి అద్దం, ఒక లిప్‌స్టిక్ బల్లమీద పెట్టి తన ఆలోచన చూపించాడు. దాని నుంచి పుట్టిందే డెక్ పక్కన వెలిగే దీపం. పచ్చ దీపాల వరుసకు సరిగ్గా మధ్యలో వెలుగుబంతి కనిపిస్తే దారి సరైనది. పైకి జరిగితే విమానం ఎత్తులో ఉంది, కిందికి జారితే ప్రమాదం దగ్గరపడింది.

మన దగ్గరికి వద్దాం. కడపలో మద్రాసు రైలెక్కితే రేణిగుంట దాటాక అరక్కోణం వస్తుంది. అక్కడే ఐఎన్‌ఎస్ రాజాళి, నౌకాదళ విమాన స్థావరం. సముద్ర నిఘాకు వాడిన టీయూ-142 విమానాలు చాలా ఏళ్లు ఇక్కడి నుంచే ఎగిరాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. 1988లో నౌకాదళంలో చేరి 2017 మార్చిలో సెలవు తీసుకున్నాయి. ఈ 29 ఏళ్లలో దాదాపు 30 వేల గంటలు ఎగిరాయి, ఒక్క ప్రమాదమూ లేదు. వాటిలో ఒకటి ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబడి ఉంది. మన పిల్లలు దాని ముందు ఫొటోలు దిగుతారు. ప్రమాదం లేని ఆ గంటల అంకె కూడా వాళ్లకు చెప్పాలి.

అది గాలిలోనే సంపాదించిన అంకె కాదు. విమాన స్థావరాల్లో ఒక అలవాటుంది. అందరూ చెయ్యి చాపితే పక్కవారికి తగిలేంత దూరంలో ఒకే వరుసలో నిలబడి, తలలు వంచి, రన్‌వే మీద నడుస్తారు. గులకరాయి, మేకు, తెగిన తీగముక్క, ఏది కనబడినా ఏరి సంచిలో వేస్తారు. ఇంజన్ లోపలికి పోతే ఆ గులకరాయే తుపాకీ గుండు. అధికారి కూడా ఆ వరుసలో వంగి ఏరాల్సిందే. రాళ్ల నేల మీద పుట్టినవాళ్లం, చేనిలో రాళ్లేరిన నడుములు మావి. ఆ నడక నాకు కొత్తగా అనిపించదు.

ఇదే మన నౌకాదళం దెబ్బలూ తిన్నది. 2002 అక్టోబరులో గోవా ఆకాశంలో రెండు ఐఎల్-38లు ఢీకొన్నాయి. 2010 మార్చి 3న బేగంపేట విమాన ప్రదర్శనలో నౌకాదళ విన్యాస బృందం సాగర్ పవన్‌లోని విమానం ఇళ్ల మీద పడి ఇద్దరు పైలట్లు చనిపోయారు. జాగ్రత్తను ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకోవడం కుదరదు. అందుకే విమానవాహక నౌక మీద తేడా కనిపిస్తే ఎంత చిన్న నావికుడైనా చేతులెత్తి విమానాన్ని ఆపించవచ్చు. తప్పిన గండాన్ని దాచకుండా పదిమందికీ చెప్పుకునే మర్యాద కూడా ఉంది. మనవాళ్లకు కష్టమైనది ఇదే. పెద్దవాళ్ల ముందు నోరు విప్పకపోవడమే వినయమని పెంచాం. కడపలో 2015లో, ఓర్వకల్లులో 2021లో విమాన సేవలు మొదలయ్యాయి. రాయలసీమ పిల్లలు కాక్‌పిట్‌లోకి, హ్యాంగర్‌లోకి వెళ్తున్నారు. ఆ మౌనాన్ని వాళ్లు ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

మా నాయన ఎడ్లబండి కట్టే ముందు ఇరుసుకు కందెన రాసి, రెండు చక్రాల శీలలూ చేత్తో తట్టేవాడు. నిన్న చూశావు కదా అంటే, నిన్నటి శీల నిన్నటిదే అనేవాడు. హ్యాంగర్‌లోనూ అదే జాగ్రత్త. గోడ మీద పనిముట్ల బోర్డు ఉంటుంది. ప్రతి స్పానరుకూ దాని ఆకారంలోనే రంగు వేసిన చోటు. పని ముగిశాక ఒక్క చోటు ఖాళీగా మిగిలినా, ఆ స్పానరు దొరికేదాకా విమానం కదలదు.